వాదమొకరిది, లాభమొకరిది

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములలో నలుగురు కూడినచోట ఏయే విషయములు చర్చకు వచ్చునో మన పాఠకులకు తెలియనిది కాదు. వడ్ల ధర, సాగరు ఎడమ కాలువ నీరు, రహదారి ప్రక్క స్థలముల వెల, ఎన్నికల గెలుపోటములు: ఇవి మన నిత్య ప్రసంగములు. ఇటీవల వీని సరసన ఒక క్రొత్త ప్రసంగము చేరినది. అది కంప్యూటరు మెమరీ చిప్పులను గూర్చినది. పండుగకు ఇల్లు చేరిన ఇంజనీరు కుమారుడు “హెచ్.బి.ఎం.” అనును. అడ్తి దుకాణమున కూర్చున్న మేనమామ “మైక్రాన్” అనును. విశ్రాంతి పుచ్చుకొన్న ఉపాధ్యాయుడు చేతిలోని ఫోనులో షేర్ల ధర చూచిన పిదప గాని ఉదయపు చాయ త్రాగుట లేదు. ఏ మెమరీ గెలుచును, ఏది మూలబడును, ఏ కంపెనీ వాటా కొన్నచో ధనము రెట్టింపగును అని తర్కము సాగుచున్నది. 2025 చివరి నెలలనుండి మెమరీ ధరలు ప్రపంచమంతట విపరీతముగా పెరుగుటతో ఈ తర్కమునకు మఱింత వేడి పుట్టినది.

మేమీ ఉత్సాహమును పరిహసింపము. మన పట్టణముల గృహస్థులు సిలికాను శాస్త్రమును గూర్చి వాదులాడుకొనుట సంతోషింపదగిన సంగతియే. కాని తాకట్టు పత్రములును, ప్రామిసరీ నోటులును చేతబట్టుకొని వచ్చు కుటుంబములను చూచుట న్యాయవాద వృత్తిలోని మాకు నిత్యానుభవము. కూతురి పెండ్లికని దాచిన సొమ్ము, పొలమమ్మగా వచ్చిన సొమ్ము, బంగారము కుదువబెట్టి తెచ్చిన సొమ్ము, ఇవి యన్నియు ఒక్క వాదముపై పందెముగా పెట్టబడుచున్నవి. అందుచే ఒక ప్రశ్నను పాఠకుల యెదుట నుంచవలసిన బాధ్యత మాపై నున్నది. మెమరీ విద్యలలో ఏది మేలైనదో సరిగా గుర్తించినవానికి లాభము వచ్చి తీరునా? తీరదని మా సమాధానము. ఆ సమాధానమునకు సాక్ష్యము దూరదేశపు కథలలోనే కాక, గోదావరి తీరమున పుట్టిన ఒక తెలుగువాని చరిత్రలోను కలదు.

మొదట మెమరీ యన నేమో తెలిసికొందము. మిర్యాలగూడలో రైసు మిల్లు చూడనివారుండరు. వెనుకనున్న గోదాములో వడ్ల బస్తాలు నెలల తరబడి నిలువ యుండును. యంత్రము నోటి దగ్గఱ మాత్రము అప్పటికప్పుడు ఆడవలసిన వడ్లు పోయబడి యుండును. కంప్యూటరులోను ఈ రెండు విధములే. గోదాము వంటిది ఫ్లాష్ మెమరీ. విద్యుత్తు పోయినను అందులోని సరకు చెడదు. దానిని 1980 దశకమున జపానులోని తోషిబా సంస్థలో ఫుజియో మసువోకా కనిపెట్టెను. యంత్రము నోటి దగ్గఱి కుప్ప వంటిది డ్రామ్. దానికి 1968లో ఐ.బి.ఎం. సంస్థకు చెందిన రాబర్ట్ డెనార్డ్ పేర పేటెంటు లభించెను. ఒక ట్రాన్సిస్టరు, ఒక చిన్న విద్యుత్ పాత్ర, ఇంతే దాని నిర్మాణము. ఆ పాత్రలోని విద్యుత్తు కారిపోవుచుండును గనుక సెకనుకు పలుమారులు తిరిగి నింపుచుండవలెను. కరెంటు పోయినచో అందులోని దంతయు మాయమగును. అయినను వేగమున దానికి ఫ్లాష్ సాటి రాదు.

మిల్లు ఎంత పెద్దదైనను, వడ్లు యంత్రము నోటికి చేరు వేగమును మించి బియ్యము రాదు. కంప్యూటరు గతియు నదియే. లెక్కించు చిప్పు ఏటేట వేగవంతమగుచుండగా, దానికి సరకందించు మెమరీ వెనుకబడుచు వచ్చినది. ఈ కొఱతను తీర్చుటకు రెండు మార్గములు పోటీపడినవి. మొదటిది జి.డి.డి.ఆర్. అను పద్ధతి: దారులు తక్కువ, వానిపై పోవు బండ్ల వేగము మిక్కిలి ఎక్కువ. రెండవది హెచ్.బి.ఎం. అను పద్ధతి: డ్రామ్ పలకలను అంతస్తులుగా ఒకదానిపై నొకటి పేర్చి, వానిలో నిలువున సన్నని రంధ్రములు చేసి, తీగెలు దింపి, లెక్కించు చిప్పు ప్రక్కనే కూర్చుండబెట్టుదురు. అట్టి ఒక్కొక్క పేర్పునకు వేయికి పైగా దారులుండును. బండ్లు మెల్లగా నడచినను దారులు వేయికి మించియుండుటచే మొత్తము సరకు హెచ్చుగా చేరును, విద్యుత్తు తక్కువ ఖర్చగును. హైదరాబాదు–విజయవాడ రహదారి నాలుగు వరుసలైన పిదప సూర్యాపేట మీదుగా పోవు లారీల రాకపోకలలో వచ్చిన మార్పు నెఱిగినవారికి ఇది వేఱుగా బోధింప నక్కఱలేదు.

ఈ హెచ్.బి.ఎం. పద్ధతిని ఎ.ఎం.డి. అను అమెరికా సంస్థయు, కొరియాకు చెందిన ఎస్.కె. హైనిక్స్ సంస్థయు కలిసి పెంచినవి. 2013లో దానికి అంతర్జాతీయ ప్రమాణము ఏర్పడెను. ఆ సంవత్సరముననే పశ్చిమ గోదావరి జిల్లా కొవ్వూరున జన్మించి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తునను, ఖరగ్‌పూరు ఐ.ఐ.టి.యందును చదివిన కోడూరి రాజా గారు ఆపిల్ సంస్థను విడిచి ఎ.ఎం.డి.కి తిరిగి వచ్చి, చిత్రములను గణించు చిప్పుల శాఖకు నాయకత్వము వహించిరి. 2015 జూన్‌లో ఎ.ఎం.డి. ఫ్యూరీ ఎక్స్ అను పరికరమును విడుదల చేసెను. హెచ్.బి.ఎం. అమర్చిన మొదటి చిత్రగణన పరికరమదియే. అది సెకనుకు 512 గిగాబైట్ల సరకు అందించునది. అదే మాసమున ప్రత్యర్థియగు ఎన్విడియా విడుదల చేసిన పరికరము, పాత జి.డి.డి.ఆర్. పద్ధతిపై, 336 గిగాబైట్లు మాత్రమే అందించునది. రెండింటి వెలయు 649 డాలర్లే.

అప్పటి మదుపరుల వాదములు నేడు మన పట్టణములలో వినవచ్చుచున్న వాదములకు అన్నదమ్ములు. మేలైన విద్య ఎ.ఎం.డి. చేతనున్నది గనుక దాని వాటా కొనవలెనని ఒక పక్షము. ఖరీదైన విద్య ముందుగా పట్టుకొన్నవాడు నష్టపోవునని మఱియొక పక్షము. ఏమి జరిగినది? ఫ్యూరీ ఎక్స్‌లో మొదటి తరపు హెచ్.బి.ఎం. నాలుగు గిగాబైట్లకు మించి పట్టలేదు, ప్రత్యర్థి పరికరమున ఆఱు కలవు. పేర్పు కట్టుటకు ఖర్చు హెచ్చు. మరుసటి సంవత్సరము ఎన్విడియా, మైక్రాన్ తయారుచేసిన జి.డి.డి.ఆర్. 5ఎక్స్ అను మెఱుగుపఱచిన పాత పద్ధతితోనే ఆటగాండ్ర విపణిని ఏలినది. ఎ.ఎం.డి. రెండవ తరపు హెచ్.బి.ఎం.తో వేగా పరికరమును 2017 ఆగస్టులో గాని తేలేకపోయినది. ఆ సంవత్సరమే రాజా గారు ఆ సంస్థను వీడి ఇంటెల్ చేరిరి. హెచ్.బి.ఎం. ఓడినదని, జి.డి.డి.ఆర్. గెలిచినదని నాడు పలువురు తీర్పు చెప్పిరి.

ఆ తీర్పు నిలువలేదు. ఎన్విడియాయే 2016లో శాస్త్రగణన కొఱకు చేసిన పెద్ద చిప్పులో హెచ్.బి.ఎం. వాడినది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడి కృత్రిమ మేధ ప్రపంచమును ముంచెత్తిన పిదప ఆ చిప్పులకు, వానితోపాటు హెచ్.బి.ఎం.కు, అడిగినంత ధర పలికినది. 2023లో 7.73 లక్షల కోట్ల వన్‌ల నిర్వహణ నష్టము చూపిన ఎస్.కె. హైనిక్స్, 2024లో 23.47 లక్షల కోట్ల వన్‌ల లాభము చూపినది. కాబట్టి 2015లో “హెచ్.బి.ఎం. యే మేలు” అన్నవారు శాస్త్రవిషయమున పూర్తిగా గెలిచిరి. కాని ఆ గెలుపు ఫలము ప్రధానముగా ఎవరికి దక్కినది? సరకు చేసిన కొరియా సంస్థకును, మొదట దానిని ప్రక్కన బెట్టి సమయము వచ్చినపుడు చేపట్టిన ప్రత్యర్థికిని.

ఇందులో మఱియొక వింత కలదు. 2015లో ఎ.ఎం.డి. వాటా ధర రెండు డాలర్లకు దిగువకు పడినది. 2021లో అది నూఱు డాలర్లు దాటినది. అనగా నాడు హెచ్.బి.ఎం. పేరు చెప్పి కొని, ఓపికతో ఉంచుకొన్నవాడు ధనవంతుడయ్యెను. కాని ఆ వృద్ధికి మూలము హెచ్.బి.ఎం. కాదు. 2017లో వచ్చిన జెన్ అను ప్రాసెసరు నిర్మాణము సంస్థను నిలబెట్టినది. వాదము సరియైనను లాభము రాకపోవచ్చును. లాభము వచ్చినను అది వాదమువలన కాకపోవచ్చును. మెమరీని గూర్చి వాదించువారు ఒక ప్రశ్న వేసికొంటిమని తలంచుచు నిజమునకు మూడు ప్రశ్నలను కలగలుపుచున్నారు. ఏ విద్య మేలైనది? దాని కాలమెప్పుడు వచ్చును? వచ్చినపుడు ఫలమెవరికి దక్కును? మొదటి ప్రశ్నకు ఇంజనీరు ఉత్తరమీయగలడు. తక్కిన రెంటికి ఇంజనీరు చదువు చాలదు.

ఇది యొక్క ఎ.ఎం.డి. కథయేయని త్రోసిపుచ్చుటకు వీలులేదు. 1996లో ఇంటెల్ సంస్థ రాంబస్ అను చిన్న సంస్థతో ఒప్పందము చేసికొని, ఇకపై కంప్యూటర్లకు రాంబస్ మెమరీయే దిక్కనునట్లు నడచినది. 2000లో రాంబస్ వాటా ఆకాశమంటినది. కాని ఆ మెమరీ వెల హెచ్చు, తయారీదారులు విముఖులైరి, 2001 నాటికి ఇంటెలే వెనుకకు తగ్గి చవుక మెమరీలకు దారి విడిచినది. డి.డి.ఆర్. అను సామాన్యమైన పద్ధతి గెలిచినది. మఱల 2015లో ఇంటెల్, మైక్రాన్ కలిసి త్రీడీ క్రాస్‌పాయింట్ అను మెమరీని ప్రకటించినవి. డ్రామ్‌కు ఫ్లాష్‌కు నడుమనున్న అగాధమును పూడ్చుననియు, ఫ్లాష్‌కంటె వేయిరెట్లు వేగమైనదనియు చాటినవి. 2021లో మైక్రాన్ దానిని విడిచి, ఆ కర్మాగారమును టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌కు అమ్మివేసినది. 2022లో ఇంటెల్ దానికి స్వస్తి చెప్పి, నిలువ సరకుపై 55.9 కోట్ల డాలర్ల నష్టము వ్రాసికొన్నది. అది చెడ్డ విద్య యని ఎవరును అనలేదు. దాని వెలకు కొనువారు చాలినంతమంది లేకపోయిరి.

నేడు మనవారి నోట ఎక్కువగా నానుచున్న మైక్రాన్ సంగతినే చూతము. 1978లో ఐడహో రాష్ట్రపు బాయిసీ పట్టణమున పుట్టిన ఈ సంస్థ 2011లో హెచ్.బి.ఎం.కు పోటీగా హైబ్రిడ్ మెమరీ క్యూబ్ అను వేఱొక పేర్పును పట్టుకొన్నది. 2018లో దానిని వదలివేసినది. తప్పు గుఱ్ఱమెక్కిన ఆ సంస్థయే పిదప హెచ్.బి.ఎం. నేర్చి, 2024లో ఎన్విడియాకు సరఫరా చేయనారంభించినది. దాని జమాఖర్చులు చూడుడు. ఆగస్టు చివర ముగియు 2018 ఆర్థిక సంవత్సరమున 1,400 కోట్ల డాలర్లకు పైగా నికర లాభము. 2023లో 583 కోట్ల డాలర్ల నికర నష్టము. 2025లో 854 కోట్ల డాలర్ల లాభము. ఏడు సంవత్సరములలో ఒకే సంస్థ శిఖరమునుండి లోయకు, లోయనుండి మఱియొక కొండకు నడచినది. దీనికి విద్యలో వచ్చిన గొప్ప మార్పుకంటె ధరలో వచ్చిన మార్పే ప్రధాన కారణము.

ఆ కారణము మన రైతునకు బాగుగ తెలియును. ఒక ఏడు మిరపకు ధర వచ్చినచో మరుసటి ఏడు ఊరంతయు మిరపయే వేయును. పంట మార్కెట్టుకు చేరునాటికి ధర కూలును. మెమరీ చిప్పు కూడ అట్టి సరకే. ఒక కంపెనీ డ్రామ్‌కు మఱియొక కంపెనీ డ్రామ్‌కు కొనువాడు పెద్ద భేదము చూడడు. క్రొత్త కర్మాగారము కట్టుటకు వేల కోట్లును, రెండు మూడు సంవత్సరములును పట్టును. ధర పెరిగినపుడు అందఱును ఒకేసారి కట్టనారంభింతురు, అన్నియు ఒకేసారి పూర్తియగును, సరకు పొంగిపొరలును. ఇంటెల్ మొదట మెమరీతోనే పేరు గడించినది. అట్టి సంస్థయే జపాను పోటీకి తాళలేక 1985లో డ్రామ్ వ్యాపారము మానుకొన్నది. జర్మనీ సంస్థ కిమోండా 2009లో, జపాను సంస్థ ఎల్పిడా 2012లో దివాలా తీసినవి. నేడు లాభములలో తేలియాడుచున్న హైనిక్స్ 2002లో అప్పులవారి చేత చిక్కి, మైక్రాన్‌కు అమ్ముడుపోవుటకు ఇంచుక వాసిలో తప్పించుకొన్నది. ప్రపంచ డ్రామ్ వ్యాపారమున నేడు సామ్‌సంగ్, ఎస్.కె. హైనిక్స్, మైక్రాన్ అను మూడు సంస్థలే ముఖ్యముగా మిగిలియుండుటకు ఈ మరణములే కారణము.

ఇందులకు ప్రత్యుత్తరముగా విద్యావంతులగు యువకులు చెప్పు మాటలు మేమెఱుగుదుము. “ఈసారి సంగతి వేఱు. కృత్రిమ మేధకు మెమరీ ఎంతయున్నను చాలదు. హెచ్.బి.ఎం. సరకును కొనువారు ముందుగానే ఒప్పందములు వ్రాసికొనుచున్నారు. తయారుచేయువారు ముగ్గురే” అని వారి వాదము. ఇది తేలికగా తీసివేయదగిన వాదము కాదు. అంతే పరిమాణపు సామాన్య డ్రామ్‌కంటె హెచ్.బి.ఎం.కు సిలికాను చాల హెచ్చు పట్టును గనుక తక్కిన మెమరీకి కొఱత వచ్చినమాట నిజము. 2025 డిసెంబరులో మైక్రాన్ సామాన్య వినియోగదారులకు క్రూషియల్ పేర అమ్ముచుండిన సరకును మానుకొందునని ప్రకటించుటయు నిజము. కాని ఐడహోలో మైక్రాన్, చొంగ్జులో హైనిక్స్, ప్యొంగ్‌తెక్‌లో సామ్‌సంగ్ క్రొత్త కర్మాగారములపై ధనము కుమ్మరించుచున్నవి. చీనాలో 2016లో పుట్టిన ఛాంగ్‌షిన్ సంస్థ ప్రభుత్వపు అండతో డ్రామ్ తయారుచేయుచున్నది. మఱియు ఆ గొప్ప గిరాకి యంతయు కొలదిమంది కోటీశ్వర సంస్థల ఖర్చుపై ఆధారపడియున్నది. వారు చేయి ముడిచిననాడు ఏమగునో ఊహింపవచ్చును. ఈసారి వేఱు కావచ్చును, కాకపోవచ్చును. మేము జోస్యము చెప్పబూనము. కాని వేఱగునని నమ్మి అప్పుదెచ్చిన ధనము నొడ్డుట మాత్రము పెట్టుబడి కాదు, జూదము.

కాబట్టి మన పట్టణముల మదుపరులకు నాలుగు మాటలు నిష్కర్షగా చెప్పుచున్నాము. మొదటిది: పొలము, ఇల్లు, బంగారము కుదువబెట్టి షేర్లు కొనరాదు. పండ్రెండు నెలలలో అక్కఱపడు సొమ్ము అందులో పెట్టరాదు. రెండవది: వాయిదా వ్యాపారపు ఊబిలో దిగరాదు. 2024 సెప్టెంబరులో సెబి ప్రకటించిన పరిశీలన ప్రకారము మూడు ఆర్థిక సంవత్సరములలో ఫ్యూచర్సు, ఆప్షన్సు వ్యాపారము చేసిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయిరి. వారి మొత్తము నష్టము 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటినది. ఈ సంఖ్యను ప్రతి పఠనమందిరపు గోడపై వ్రాసియుంచుట మంచిది.

మూడవది: విదేశపు షేర్లు కొనువారు చట్టమును తెలిసికొని కొనవలెను. పన్ను కట్టు వివరపత్రమున విదేశీ ఆస్తుల పట్టికలో వానిని చూపవలెను. చూపనిచో నల్లధన నిరోధపు చట్టము క్రింద జరిమానాకు గురికావలసి రావచ్చును. అమెరికా పౌరుడు కాక, అచట నివాసమును లేనివాడు మరణించినపుడు, అరువది వేల డాలర్లకు మించిన అతని అమెరికా ఆస్తిపై ఆ దేశము వారసులనుండి పన్ను కోరును. అమెరికా కంపెనీల షేర్లును ఆ ఆస్తిలో చేరును. ఫోనుపై నొక్కినంత మాత్రమున కొనవచ్చునని ప్రకటనలు చాటునుగాని ఈ సంగతి పెద్ద అక్షరములతో చెప్పవు. నాలుగవది: కంపెనీ వార్షిక నివేదికలో గత పది సంవత్సరముల లాభనష్టములను ఒక కాగితముపై వ్రాసికొననివాడు ఆ కంపెనీ వాటాను కొనరాదు. పది వరుసలు వ్రాసికొనుటకు ఇంగ్లీషు పాండిత్యము అక్కఱలేదు. వడ్ల తూకపు చీటీ చదువగలిగినవాడు చాలును.

ఇంతవరకు వ్యక్తుల ధనమును గూర్చి చెప్పితిమి. జాతి ధనమును గూర్చి చెప్పక విరమించుట మా విధికి ద్రోహమగును. మైక్రాన్ వాటా ఒక్కటియు కొనని మన హమాలీ సోదరుడు సైతము ఆ సంస్థ వ్యవహారమున పెట్టుబడిదారుడే యను సంగతి పలువురకు తెలియదు. 2023 జూన్‌లో మైక్రాన్ గుజరాతులోని సానందున చిప్పుల కూర్పు, పరీక్షల కర్మాగారమును ప్రకటించినది. మొత్తము వ్యయము 275 కోట్ల డాలర్లు. అందులో సగము కేంద్ర ప్రభుత్వమును, నూటికి ఇరువది వంతులు గుజరాతు ప్రభుత్వమును భరించును. మైక్రాన్ పెట్టునది 82.5 కోట్ల డాలర్ల వరకే. నూటికి డెబ్బది వంతులు ప్రజాధనము. కాని ప్రజల చేతికి వాటాపత్రము లేదు. సిలికాను పలకపై మెమరీ గడులను చెక్కు అసలు విద్య సానందునకు రాలేదు. వేఱుదేశములలో చెక్కిన పలకలను ముక్కలు చేసి, పెట్టెలలో నమర్చి, పరీక్షించుటయే అచటి పని. అది పనికిమాలినదని మేమనము. బియ్యము ఎక్కడనో ఆడించి, సంచులకు కుట్టుపని మాత్రము మనయూర చేసినట్లున్నదని మాత్రమందుము.

ఈ విషయమున మన పూర్వానుభవము గర్వింపదగినది కాదు. 1967లో హైదరాబాదున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ వెలసినది. మన నేలపై కంప్యూటర్లు నిర్మించినది. సెమీకండక్టర్ కాంప్లెక్స్ మొహాలిలో చిప్పులు చేయనారంభించి, 1989లో అగ్నిప్రమాదమునకు గురియై, ఆ దెబ్బనుండి సకాలమున తేరుకొనలేకపోయినది. 2006లో హైదరాబాదు చెంత ఫ్యాబ్ సిటీ పేర సెమ్‌ఇండియా సంస్థ, ఎ.ఎం.డి. విద్యతో, 300 కోట్ల డాలర్ల చిప్పుల కర్మాగారము కట్టునని పత్రికలు మార్మ్రోగినవి. నాడు సూర్యాపేట, మిర్యాలగూడలనుండి ఆ ప్రాంతమున స్థలములు కొన పరుగెత్తిన వారెందఱో. భూమి ధర పెరిగినది. చిప్పుల కర్మాగారము మాత్రము రాలేదు. చిప్పుపై మన ఉత్సాహము ప్లాటుపై మన ఉత్సాహముగా మారిపోవుట ఎంత సులభమో ఆ కథ చెప్పుచున్నది.

2021 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వము 76,000 కోట్ల రూపాయలతో సెమీకండక్టరు పథకమును ఆరంభించినది. 2024లో ధోలేరాలో టాటా సంస్థ కర్మాగారమునకు ఆమోదము లభించినది. అది మెమరీ కొఱకు ఉద్దేశింపబడినది కాదు. 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశమున చిప్పుల కూర్పు కర్మాగారమొకటి కొరియా సంస్థ సహాయముతో ఆమోదింపబడినది. హైదరాబాదున 2019నుండి మైక్రాన్‌కు పెద్ద కేంద్రము కలదు. అచటను, తక్కిన సంస్థలలోను మన బిడ్డలు వేలకొలది చిప్పుల రూపకల్పనలో నిమగ్నులై యున్నారు. అనగా తల మనది, చేయి మనది, ధనములో కొంత మనది. పేటెంటు, పలక, లాభము మాత్రము పరులవి. కొవ్వూరు బిడ్డడు ప్రపంచపు మెమరీ వాదమునకు మొనగాడుగా నిలువగలిగినపుడు, ఆ వాదము మన గడ్డపై మన సంస్థలలో ఏల జరుగలేదని అడుగుటకు మనకు హక్కు కలదు.

కాని అడుగువారికి ఓపికయు నుండవలెను. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూ నాగార్జునసాగరమునకు పునాదిరాయి వేసెను. కాలువలకు నీరు విడిచినది 1967లో. ఆ పండ్రెండేండ్లలో తట్టలు మోసినవారిలో ఎవరును సాయంకాలమునకు ధర చూచికొని సంతోషించుటయో దుఃఖించుటయో చేయలేదు. నేడు మిర్యాలగూడ మిల్లుల పొగగొట్టములు, కోదాడ పొలముల పచ్చదనము ఆ ఓపిక కట్టిన వడ్డీ. మెమరీ విద్య కూడ అట్టి ఆనకట్టయే. హైనిక్స్, ఎ.ఎం.డి. సంస్థలు హెచ్.బి.ఎం.పై సంవత్సరముల తరబడి శ్రమించిన పిదప 2015లో మొదటి సరకు వచ్చినది. అసలు పంట 2023 తర్వాత గాని చేతికి రాలేదు. మూడు నెలలకొకసారి ఫలము చూపుమని తొందరించు మదుపరుల చేతిలో అది ఏనాడో ఎండిపోయి యుండెడిది.

కోదాడ, సూర్యాపేట పరిసరములలో ఇంజనీరింగు కళాశాలలకు కొఱతలేదు. వానిలో మెమరీ గడి ఎట్లు పనిచేయునో విద్యార్థిచేత స్వయముగా గీయించి, పరీక్షించి చూపునవి ఎన్ని? కుమారుని చదువుకై లక్షలు వెచ్చించు తండ్రి ఫోనులో షేరు ధర చూచునంత శ్రద్ధతో ఆ కళాశాల ప్రయోగశాలను ఒకమారు చూచి వచ్చునా? మన శాసనసభ్యులు, లోకసభ సభ్యులు ఓట్లకై వచ్చినపుడు, చిప్పుల కంపెనీలకిచ్చు ప్రజాధనమునకు బదులుగా ఎందఱు యువకులకు ఏ విద్య నేర్పునట్లు ఒప్పందము వ్రాసికొన్నారని మనము అడిగితిమా? ఈ ప్రశ్నలు షేర్ల వాదమంత రుచిగా నుండకపోవచ్చును. కాని మన ధనము నిజముగా ఇరుకుకొనియున్నది ఇచటనే.

ఏ మెమరీ గెలుచునో వాదించుకొనుడు, మేము కాదనము. ఆ వాదమువలన జ్ఞానము పెరుగును. కాని ఆ వాదముపై ఇల్లు పందెము పెట్టకుడు. మిగులు ధనమున్నచో తెలిసినంత మేరకు, పలుచోట్ల పంచి, ఓపికతో పెట్టుడు. పరులు గెలిచిన పందెములో పిడికెడు పాలు పుచ్చుకొనుటకంటె, పందెము నడిపించు విద్యను బిడ్డలకు సంపాదించిపెట్టుట గొప్ప పెట్టుబడి. ఆ పెట్టుబడికి డీమ్యాటు ఖాతా అక్కఱలేదు, పట్టుదల చాలును. వాదమును, లాభమును, విద్యను మన యింటనే కూడుకొనునట్లు చేసికొనుట మన తరపు బాధ్యత. అందాక వాదమొకరిది, లాభమొకరిది కాక తప్పదు.